ఏడో పళ్ళెంలోని నీళ్ళు

మా చెల్లెలి భర్త, అంటే నాకు బావగారు, గడచిన వైశాఖంలో ఒక శనివారం నరసరావుపేటలోని తమ ఇంట్లో కన్నుమూశారు. ప్రొద్దున కాఫీ అందిస్తే ఆయన చేయి చాపలేదని, నన్ను వెంటనే రమ్మని చెల్లెలు ఫోన్ చేసింది. మాది పక్క వీధే కనుక ఐదు నిమిషాల్లో వెళ్ళాను. ఆ తరువాతి గంటలో నేను చేసిన పనిని దాచి, ఆయనను గురించి ఎంత చక్కని వాక్యాలు వ్రాసినా అవి అబద్ధాలే అవుతాయి. అయితే ముందుగా ఆయన ఏ పని మీద బ్రతికారో పాఠకులకు చెప్పాలి.

ఆయన రసాయన శాస్త్రవేత్త. భూమి మీద తొలి ప్రాణి పుట్టడానికి ముందు ఏం జరిగి ఉంటుందన్నదే ఉద్యోగ కాలమంతా ఆయన పట్టుకున్న ప్రశ్న. రాతి గుంటల్లో నిలిచిన నీరు ఎండకు ఇగిరి, మళ్ళీ తడిసి, మళ్ళీ ఇగిరి, అలా లెక్కలేనన్నిసార్లు జరిగితే అందులోని చిన్న అణువులు ముడిపడి గొలుసులవుతాయని, ఆ గొలుసులు పొడవైతే ప్రాణానికి దారి పడుతుందని ఆయన ఊహ. చెప్పడానికి ఒక్క వాక్యం. చేయబోతే మాత్రం పళ్ళెంలో మిగిలేది ముదిరిన పాకంవంటి గోధుమరంగు జిగురు. ఆ జిగురు గీకడంలోనే తన సర్వీసు గడిచిందని ఆయన అనేవారు. ఇది దేనికి పనికివస్తుందని అడిగే కమిటీల ముందు నిలబడి నిలబడి, చివరికి ఏ సన్మానమూ లేకుండా పదవీ విరమణ చేసి మా ఊరు వచ్చేశారు.

వచ్చి విశ్రాంతి తీసుకున్నారా అంటే, లేదు. మేడ మీది గదిలో పన్నెండు గాజు పళ్ళేలు పరిచారు. మాచర్ల వైపు నుంచి తెప్పించిన నాపరాతి పొడి కొన్నింటిలో, పొలంలోని నల్లమట్టి కొన్నింటిలో వేశారు. తాను కలిపిన ద్రావణం అన్నింటిలోనూ పోశారు. పగలు పలుచని గుడ్డ మూతలతో ఎండలో పెట్టడం, ఇగిరినప్పుడు శుద్ధమైన నీరు పోయడం, పోసినప్పుడల్లా నోటుపుస్తకంలో ఒక గీత గీయడం. ఇలా నాలుగేళ్ళు. నెలకొకసారి ప్రతి పళ్ళెంనుంచీ చిటికెడు తీసి, పాత పరిశోధనశాలలో ఉన్న తన శిష్యునికి పంపేవారు. అతడు యంత్రంలో పెట్టి గొలుసుల పొడవు చెప్పేవాడు.

టీ కొట్టు దగ్గర మా తోటి విశ్రాంత ఉపాధ్యాయుడొకరు, “ఏంది సార్, మీ బావ ఇంకా ప్రాణం పోయలేదా? చానా రోజులాయెనే” అని నన్ను దెప్పేవాడు. నాకు కోపం వచ్చేది. విన్న బావగారు మాత్రం నవ్వి, “ప్రాణం దాకా ఎందుకు, ప్రాణానికి ముందుండే బురద చేస్తున్నానని చెప్పు బావా” అన్నారు.

ఆయన తెలుగులో వ్రాసుకున్న నాలుగు పేజీల్లో మూడింటిని నేనొకసారి ఎర్ర సిరాతో నింపాను. వాక్యాల్లో కర్త కనబడడం లేదని నా ఫిర్యాదు. “కర్త లేకుండా పని ఎట్లా జరిగిందనేదే గదా నేను వెతికేది” అన్నారాయన. నాలుగో పేజీని దిద్దకుండా వదిలేశాను. నా జీవితంలో అలా వదిలిన పేజీ అదొక్కటే.

మాఘమాసంలో శిష్యుడు ఫోన్ చేశాడు. ఏడో పళ్ళెంలో, నాపరాతి పొడి మీద, మునుపెన్నడూ చూడనంత పొడవైన గొలుసులు కనబడ్డాయట. నేను స్వీట్లు తెస్తానంటే ఆయన వద్దన్నారు. “ఒకసారి వస్తే అది వార్త బావా. రెండోసారి వస్తేనే ఫలితం.” పంపిన చిటికెడు యంత్రంలోనే అయిపోయింది. ఈసారి నెలనెలా తీయకుండా, వేసవి ఎండలు ముదిరాక మళ్ళీ తీసి పంపాలన్నారు. ఇంతలో గుండె జబ్బు బయటపడింది. మెట్లు ఎక్కవద్దని డాక్టరు చెప్పారు. “నువ్వయితే కామా కూడా వదలవు” అంటూ ఆ పని నాకు అప్పగించారు. ఏడు వారాలు ఎక్కి దిగాను. క్రింద కుర్చీలో కూర్చుని “తడిపావా? ఆరిందా?” అని ఆయన అడిగేవారు. నాకెంత గర్వంగా ఉండేదో చెప్పలేను. నమూనాలు సోమవారం పంపాలి. శుక్రవారం సాయంత్రం నీళ్ళు పోసి గీత గీశాను.

శనివారం ఆయన పోయారు. ఆ ఇంట్లో అప్పటికి పెద్దవాణ్ణి నేనే. చావు జరిగిన ఇంట నిలవ నీళ్ళు ఉంచకూడదు. ఎన్నో ఇళ్ళలో నిలబడి చెప్పిన మాటనే అక్కడా చెప్పాను. “ఇంట్లో నీళ్ళన్నీ పారబోయండమ్మా. చుక్క ఉంచొద్దు.”

పక్కింటి అమ్మాయి మెట్ల దగ్గర ఆగి, “మేడ మీదవి కూడానా బాబాయ్?” అని అడిగింది.

ఆ పిల్ల అడిగింది. నేనే వినిపించుకోలేదు. బిందెలో, బకెట్లో అనుకున్నాను. “అన్నీ అంటే అన్నీ” అన్నాను.

మూడోరోజు మేడ ఎక్కితే పన్నెండు పళ్ళేలూ పిట్టగోడ మీద బోర్లించి ఉన్నాయి, తళతళ మెరుస్తూ. నా మొహం చూసి ఆ అమ్మాయి, తాను సరిగా చేయలేదేమోనని భయపడింది. “జిగురు ఒక పట్టాన పోలేదు బాబాయ్. బూడిద పెట్టి తోమాను” అంది. ఆమెను ఏమనను? చెప్పిన పని చెప్పినట్టు చేసింది. ముప్పై ఆరేళ్ళు పిల్లలకు ప్రశ్న పూర్తిగా చదివి జవాబు వ్రాయమని చెప్పిన మనిషిని నేను.

శిష్యునికి ఫోన్ చేసి చెప్పాను. “మళ్ళీ మొదలుపెడితే నాలుగేళ్ళు సార్. నాకిక్కడ ఉద్యోగం డిసెంబరు దాకానే ఉంది” అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

నోటుపుస్తకం చెల్లెలు నాకే ఇచ్చింది. ఆయన గీతలు సన్నగా, ఒకే ఎత్తున ఉంటాయి. చివరి ఏడు వారాలవి నావి, కాస్త లావుగా. వాటికి ఎదురుగా ఫలితమనే గడి ఖాళీగా ఉంది. అందులో ఏం వ్రాయాలో నాకు తోచడం లేదు. దోషం ఎవరిదని వ్రాయడానికి మాత్రం ఈసారి కర్త స్పష్టంగానే ఉన్నాడు.

మొన్న తొలకరి జల్లు పడ్డప్పుడు మళ్ళీ మేడ ఎక్కాను. ఆ అమ్మాయి నీళ్ళు పారబోసిన చోట, డాబా నేల మీద, జానెడు వెడల్పున గోధుమరంగు మరక ఉంది. పన్నెండు పళ్ళేలవీ అందులో కలిసిపోయాయి. ఏది ఏడోదో ఇక ఎవరూ చెప్పలేరు. వాన వెలిసి ఎండ వచ్చింది. మరక అంచుల నుంచి లోపలికి మెల్లగా ఆరుతూ ఉంటే చూస్తూ నిలబడ్డాను.