రెండోసారికీ మూడోసారికీ మధ్య

ఒక్క మాటను ఇన్నేళ్లుగా మోస్తున్నాను. "చూడలేదు" అన్న మాట. పెద్ద మాటేం కాదు. బండి తాళం చూశావా అంటే చూడలేదంటాం, పేపరు చూశావా అంటే చూడలేదంటాం. కానీ నేను ఆ రోజు అన్న "చూడలేదు" నా కడుపులో రాయిలా కూర్చుంది. మా ఆవిడకు చెప్పలేదు. తాగినప్పుడు దోస్తులకు కూడా చెప్పలేదు. తాగినవాడు అన్నీ కక్కేస్తాడంటారు, అది ఉత్త మాట. అసలు దాచాల్సింది ఉంటే తాగినా దాస్తాడు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీ ముందు నోరు విప్పుతున్నాను. ఊరి పేరు రాయను. ఆత్మకూరుకు అటో ఇటో, కృష్ణ ఒడ్డున ఉన్న ఒక చిన్న టౌను అనుకోండి.

నా పని మాట్లాడటం. మైకు సెట్టు కిరాయికిస్తాను, ఆ మైకు ముందు నేనే నిలబడతాను. పెళ్లిళ్లు, మీటింగులు, బతుకమ్మ ఆటలు, తప్పిపోయిన బర్రె కోసం చాటింపు, ఏదైనా సరే మా ఊళ్లో నా గొంతులోంచే రావాలి. అన్నిటికంటే నాకు పేరు తెచ్చింది వినాయకుడి లడ్డు వేలం. చుట్టుపక్కల మండపాలవాళ్లు నిమజ్జనం తేదీ కంటే ముందు నా తీరిక కనుక్కుంటారు. అంత గిరాకీ.

ఆ పనిలో కీలకం ఎక్కడుందో చెప్తాను. "ఒకటోసారి" అనడంలో ఏమీ లేదు. "రెండోసారి" అన్నాక, "మూడోసారి" అనేలోపు కాస్త జాగా ఉంటుంది. నా అన్నం ఆ జాగాలోనే ఉడికింది. అక్కడ ఆగుతాను. నీళ్లు తాగుతాను. పాడి ఊరుకున్నవాడి తాత ఎంత దిలేరో, ఎంత గుండె ఉన్నవాడో చెప్తాను, పక్కవాడి మీసం మీద ఒక జోకు వేస్తాను. జనం నవ్వుతుంటే ఎవడికో ఒకడికి రోషం పుడుతుంది, చెయ్యెత్తుతాడు, లడ్డు మళ్లీ పైకి లేస్తుంది. ఇంకో సంగతి కూడా ఉంది. చాలా లడ్డులు వేలానికి ముందే అయిపోయి ఉంటాయి. ఈసారి ఫలానా ఆయనకు పోవాలని పెద్దమనుషులు పొద్దున్నే అనుకుంటారు, సాయంత్రం పాట జనం కోసం. ఆయన పాట రాగానే నేను ఆ జాగాను మింగేస్తాను. రెండోసారి, మూడోసారి, ఒకే ఊపిరిలో. దేవుడి ప్రసాదమే కదా, ఎవరి నోట్లో పడితే ఏంటి అనుకునేవాణ్ని. అలా అలవాటు పడింది ఈ నోరు.

రాష్ట్రం వచ్చాక, కొత్త జిల్లాలు చేశాక, మా ఊరి పాత ముసాఫిర్‌ఖానాను, అంటే బాటసారుల సత్రాన్ని, మ్యూజియం అన్నారు. ముక్కు విరిగిన విగ్రహాలు, శాసనాల రాళ్లు, తుప్పు పట్టిన కత్తులు, అంతే సరుకు. వాన పడితే లోపలా బయటా ఒకటే. కొత్తగా వచ్చిన ఇన్‌చార్జి మేడం మాత్రం ఊరుకునే మనిషి కాదు. దసరా వెళ్లి ఎండ మెత్తబడే రోజుల్లో, పత్తి ఏరే కాలంలో, ఏటా బొమ్మల ప్రదర్శన పెట్టడం మొదలుపెట్టింది. శరత్కాల చిత్ర ప్రదర్శన అని బ్యానరు. మొదట్లో బడిపిల్లల్ని వరసలో తోలుకొస్తే తప్ప ఎవరూ రాలేదు. తర్వాత తర్వాత జనం కాస్త అలవాటు పడ్డారు. ఒక ఏడు, పైకప్పు బాగు చేయించడానికి, చివరి రోజు బొమ్మలు వేలం వేద్దామంది. వేలం అనగానే అందరూ నా పేరే చెప్పారట. నేను ఉబ్బిపోయాను.

ఆ ఏడు పెట్టిన బొమ్మలన్నీ మా హైస్కూలు డ్రాయింగు సారు వేసినవి. అప్పటికే ఆయన పోయాడు. పిల్లలు లేరు. ఉన్న బొమ్మలన్నీ ఆయన భార్య మ్యూజియానికి ఇచ్చేసింది. నాకు కూడా ఆయనే నేర్పాడు, నేను గీసిన ఆవును చూసి "నీకు నోరు బాగుందిరా, దాంతో బతుకు" అన్నాడు. పల్లి చేలు, గొర్రెల మందలు, సంతలో మనుషులు, అన్నీ మా చుట్టూ ఉన్నవే వేశాడు. అందులో ఒకటి కాల్వ కట్ట మీద కూర్చున్న కూలి మనిషి. పక్కన బోర్లించిన తట్ట. తలకు చుట్టిన తువ్వాల విప్పి మెడ తుడుచుకుంటోంది. చూసేవాళ్లవైపే చూస్తోంది, నా బొమ్మ నీకెందుకయ్యా అన్నట్టు, కొంచెం కోపంగా, కొంచెం నవ్వుతూ.

ప్రదర్శన మొదలైన రోజు నేను మైకు వైర్లు సర్దుతుంటే ఒకామె ఆ బొమ్మ ముందు నిలబడి ఉంది. కరుణ అందాం ఆమెను. సర్కారు దవాఖానలో నర్సు. డ్యూటీ దిగి అలాగే వచ్చినట్టుంది, భుజానికి సంచి ఉంది. తెలిసిన మనిషా అని అడిగాను. మా అమ్మ అంది. వాళ్లమ్మ పాలమూరు లేబరుగా ఎక్కడెక్కడి డ్యాములకో మట్టి మోసి, ఆఖరికి మా ఊరి కాల్వకు మోసింది. కూతుర్ని హాస్టల్లో ఉంచి చదివించింది. ఆ కూతురి మొదటి జీతం చూడకుండానే పోయింది. ఇంట్లో ఆమె ఫొటో ఒక్కటి లేదు. రేషను కార్డు మీద గోరంత మొహం, అదీ నల్లబడిపోయింది. చర్చిలో జ్ఞాపకార్థ కూడిక పెట్టినప్పుడు దండ వేయడానికి ఫొటో లేక పూలన్నీ బైబిలు మీద పెట్టారట. ఇవన్నీ ఆమె ఏడవకుండా చెప్పింది. 

వేలంలో ఎట్లా పాడాలో తనకు తెలియదని, భయంగా ఉందని అంది. చీటీ ఎత్తి డబ్బు పెట్టుకుందట, ఈ ఒక్క బొమ్మ కోసం. భయమెందుకు, చెయ్యెత్తితే చాలు, మిగతాది నేను చూసుకుంటానన్నాను. అవును, నేనే అన్నాను.

వేలం రోజు పొద్దున కాంట్రాక్టరు ఫోను. ఆ కాల్వ పని చేయించింది ఆయనే. ఇప్పుడు ఊరి చివర పెద్ద ఫంక్షన్ హాలు కట్టాడు, నా ఏడాది గిరాకీలో సగం ఆ హాలుదే. "తమ్మీ, గా కాల్వ బొమ్మ నాకు గావాలె. మన హాల్ల పెడుదాం. జర చూస్కో" అన్నాడు. సరే అన్నా, ఫికర్ చెయ్యకండి అన్నాను. ఆ క్షణాన కరుణ గుర్తు రాలేదా? వచ్చింది. అన్నా, ఆ బొమ్మ ఇంకొకామె తల్లిది అని ఒక్క మాట అనలేకపోయానా? ఆయనేం రాక్షసుడు కాదు, అయితే వదిలెయ్ అనేవాడేమో. అనేవాడు కాదేమో. అడిగితే కదా తెలిసేది.

మ్యూజియం ముందు, వరండాకు ఆనించి షామియానా వేశారు. ముందు వరస కుర్చీల్లో కాంట్రాక్టరు, బ్యాంకు మేనేజరు, ఇద్దరు ముగ్గురు పెద్దలు. కరుణ వెనకాల, వరండా స్తంభం పక్కన నిలబడింది. గొర్రెల మంద పోయింది, సంత పోయింది. నేను మంచి ఊపు మీద ఉన్నాను. బొమ్మ బొమ్మకూ జనాన్ని కడుపుబ్బ నవ్వించాను, మేడం మొహం వెలిగిపోయింది. ఆ తర్వాత కాల్వ బొమ్మను బల్ల మీద పెట్టారు. కాంట్రాక్టరు పాడాడు. మేనేజరు ఇంకాస్త పెంచాడు. కాంట్రాక్టరు మళ్లీ పెంచి కాలు మీద కాలేసుకున్నాడు. ఒకటోసారి అన్నాను. రెండోసారి అన్నాను. అలవాటు కొద్దీ తలెత్తి జనం మీదుగా చూశాను.

ఆమె చెయ్యి లేచి ఉంది.

నా కళ్లు ఆమె మొహం దాకా పోలేదు. పోనివ్వలేదు. చేతి దగ్గరే తిప్పేసుకుని మూడోసారి అన్నాను, బల్ల మీద చరిచాను, వెంటనే "కొట్టాలె చప్పట్లు!" అని అరిచాను. ఆ చప్పట్లు కాంట్రాక్టరు కోసం కాదు. వెనక నుంచి ఏదైనా గొంతు లేస్తే అందులో మునిగిపోవాలని. అంత ఆలోచన ఆ రెప్పపాటులో నాకు ఎక్కడి నుంచి వచ్చింది? తెలివైనవాణ్నని ఊరికే అనరు మరి.

జనం పలచబడ్డాక ఆమె నా దగ్గరికి వచ్చింది.

"అన్నా, నేను చెయ్యి లేపిన గద. నువ్వు చూడలేదా?"

"చూడలేదు చెల్లె."

"రెండోసారి అన్నప్పుడే లేపిన అన్నా."

"గంత జనంల యాడ కనవడ్తది? నోటితోని పాడాలె."

మేడం పక్కనే ఉంది. పాపం, ఆమె తల్లి బొమ్మట, మళ్లీ ఒకసారి పాడిద్దామా అని నన్నే అడిగింది.

"మూడోసారి అన్నంక అయిపోయినట్టే మేడం. రూలు గంతే."

అలాంటి రూలు ఎక్కడా లేదు. సర్పంచి అల్లుడు ఆలస్యంగా వచ్చాడని, అయిపోయిన లడ్డు పాటను మళ్లీ మొదలుపెట్టినవాణ్ని నేను. కరుణ సరే అన్నా అని, ఒకసారి బొమ్మ దగ్గరికి పోయి నిలబడి, వెళ్లిపోయింది.

ఎందుకు చేశాను? గిరాకీ పోతుందని. అది నిజమే, పిల్లల ఫీజులు ఆ హాలు మీదే కట్టాను. కానీ అదొక్కటే అయితే ఇంత చేదు ఉండేది కాదు. పొట్ట కోసం అబద్ధమాడినవాళ్లు చాలామంది నిద్రపోతూనే ఉన్నారు. నన్ను నేను ఇంకోటి అడుగుతుంటాను. ముందు వరసలో కూర్చున్న ఏ పెద్దింటి ఆమో చెయ్యెత్తి ఉంటే నా నాలుక అంత తొందరపడేదా? కాంట్రాక్టరు ఫోను చేసి ఉన్నా సరే, ఆగేవాణ్ని. అమ్మగారు పాడుతున్నారని మురిసేవాణ్ని, నవ్వుతూ ఆయన్నీ నవ్వించేవాణ్ని. వెనకాల స్తంభం పక్కన నిలబడ్డ మనిషి, తట్ట మోసినామె కూతురు, కాలు మీద కాలేసుకున్నవాడి పాటను దాటడం నాకే మింగుడు పడలేదు. ఆ మాట నాకు ఎవరూ చెప్పలేదు. కాంట్రాక్టరు జర చూస్కో అన్నాడు, అంతే. మిగతాది నా లోపల ఎప్పటి నుంచో ఉంది. మైకులో సమానత్వం గురించి నేను దంచిన ఉపన్యాసాలు తలుచుకుంటే నా మొహాన నేనే ఉమ్మేయాలనిపిస్తుంది.

బొమ్మ ఇప్పుడు ఆ హాలు భోజనాల గదిలో ఉంది, సాంబారు గిన్నెలు పెట్టే బల్లకు పైన. ఆవిర్లకు అద్దం మసకబారింది. ఎవరూ పట్టించుకోరు.

పోయిన మాఘమాసంలో దవాఖానలో పనిచేసే ఒకమ్మాయి పెళ్లి అక్కడే జరిగింది. కరుణ కూతుర్ని తీసుకుని వచ్చింది. నేను ప్లేటు పట్టుకుని వరసలో ఉన్నాను, నా ముందు నలుగురు, వాళ్ల ముందు ఆమె. పాపను ఎత్తుకుని బొమ్మ చూపించింది, అమ్మమ్మ అని. పక్కనున్న ఇంకో నర్సు గొంతు తగ్గించాననుకుని, ఆ మైకాయన కావాలనే ఆగకుండా మూడోసారి కొట్టేశాడట కదా అంది.  కాస్త తిడుతుందేమో, తిట్టనీ అనుకున్నాను. నిజంగా తిట్టాలనే కోరుకున్నాను.

"గట్ల అనకు. ఆయన చూడలే పాపం," అంది కరుణ. "నాదే తప్పు. కొత్త గద, సిగ్గువడ్డ, చెయ్యి సగమే లేపినట్టున్న. గట్టిగ పాడి ఉంటే మా అమ్మ ఇంటికొస్తుండె."

అంటూ వెనక్కి తిరిగింది. నన్ను చూసింది. ఏమాత్రం మొహం మారకుండా "తిన్నవా అన్నా?" అని అడిగింది. తిన్న చెల్లె అన్నాను, ఖాళీ ప్లేటు చేతిలో పెట్టుకుని.

అప్పటి వరకు నేను ఒక బొమ్మనే దూరం చేశాననుకున్నాను. అంతకంటే పాడు పని చేశానని ఆ రోజు తెలిసింది. నా తప్పు తీసుకెళ్లి ఆమె చేతిలో పెట్టాను. ఆమె దాన్ని తనదే అనుకుని, జాగ్రత్తగా మోస్తోంది. ఆ బొమ్మను చూసిన ప్రతిసారీ తల్లిని తనే పోగొట్టుకున్నట్టు బాధపడుతోంది. పైగా నన్ను వెనకేసుకొస్తోంది.

వెళ్లి చెప్పవచ్చు కదా అంటారు. దవాఖాన మా ఇంటికి కూతవేటు దూరం. ఒకసారి గేటు దాకా పోయాను, బీపీ చూపించుకోవడానికి వచ్చానని వాచ్‌మెన్‌కు చెప్పి, నిజంగానే బీపీ చూపించుకుని వచ్చాను. ఆమెకు చెబితే రేపు ఊరికి తెలుస్తుంది, హాలు పోతుంది, పేరు పోతుంది. ఈ వయసులో ఇంకేం పని చేయను? చూశారా, ఇప్పుడు కూడా నా లెక్కే నాది. నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను. ఆ పని మీది కాదు. ఇదంతా రాశాక ఛాతీలో బరువు కొంచెం తగ్గింది, ఆ హాయి కూడా నాకు న్యాయంగా దక్కాల్సింది కాదు, అయినా తీసుకుంటున్నాను.

కానీ ఒక్క సంగతి ఎక్కడో ఒకచోట ఉండాలి. ఆమె సిగ్గుపడలేదు. చెయ్యి సగంలో ఆగలేదు, మోచెయ్యి కూడా వంగలేదు. తల మీదుగా, షామియానా గుడ్డకు తగిలేంత ఎత్తుకు, అందరికంటే పైకి ఎత్తింది. ఆ చేతిని ఆ రోజు చూసినవాణ్ని నేనొక్కణ్నే.