మిట్టేమరిలో వెలగని ఫ్లాష్

మా అన్న పిళ్ళప్ప పోయి నాలుగు నెలలైంది. బాగేపల్లి చుట్టుపక్కల పల్లెల్లో ముప్పై ఏళ్ళు ఫొటోలు తీశాడు. పెళ్ళిళ్ళు బెంగళూరు వాళ్ళ చేతికి పోయాక ఆయనకు మిగిలింది ఒకే రకం పని. మంచం దిగలేని ముసలివాళ్ళను వాళ్ళ ఇంట్లోనే ఫొటో తీయడం. అది రేపు గోడకు తగిలించి దండ వేయడానికని అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. "పెన్షన్ ఆఫీసులో కొత్త ఫొటో అడుగుతాండారమ్మా" అని అన్న మొదలుపెట్టేవాడు. వాళ్ళూ నమ్మినట్టే మంచి చీర కట్టించుకునేవాళ్ళు.

ఆయన పనితనమంతా ఫ్లాషులో ఉండేది. వెలుగును ముఖం మీద కొట్టేవాడు కాదు. ఇద్దరి చేత తెల్ల పంచె ఎత్తి పట్టించి, ఫ్లాష్ తలను దానివైపు తిప్పేవాడు. వెలుగు పంచెకు తగిలి మెత్తగా కిందికి దిగేది. ఆపరేషన్ అయిన కళ్ళు కూడా బెదిరేవి కావు.

నిరుడు బండి మీద నుంచి పడి ఆయన మణికట్టు విరిగింది. అతుక్కున్నా పెద్ద కెమెరా బరువు మోయలేకపోయాడు. చిన్నది కావాలన్నాడు. నేను చింతామణిలో కాలేజీ లెక్చరర్ని. అక్కడే కొనమని తన ఫ్లాష్ నా చేతికిచ్చాడు.

"చిన్న వాటిల్లో చానా వాటికి బయటి ఫ్లాష్ పట్టదు నారాయణా. పైన ఫ్లాష్ తగిలించే గాడి ఉంటే చాలదు. ఇది తగిలించి, నొక్కి చూడు. వెలిగితేనే తీసుకో. లేకుంటే ఎంత మంచిదైనా మనకొద్దు."

ఆ ఫ్లాష్ బ్యాటరీ మూత విరిగితే అన్న సైకిల్ ట్యూబు ముక్కతో బిగించి పెట్టుకున్నాడు. దాన్ని సంచీలో వేసుకుని ఫోన్లు, కెమెరాలు అమ్మే అంగడికి పోయాను. అది యశస్‌ది, నా దగ్గర చదివినవాడు. మా కాలేజీ స్మిత మేడమ్ అక్కడే కొత్త ఫోన్ ఎంచుకుంటోంది.

"ఏం సార్, సంచీ బరువుగా ఉండాది?" అన్నాడు యశస్.

"పుస్తకాలు," అన్నాను.

నాకు నచ్చిన కెమెరా చేతిలోకి తీసుకుని, బయటి ఫ్లాష్ పడుతుందా అని మాత్రం అడిగాను.

"గాడి ఉండాదే సార్. అయినా ఈ కాలంలో ఆ డబ్బా ఎవురు మోస్తారు? నెత్తిన లైటు పెట్టుకోని పోయే పెళ్ళి బ్యాండోళ్ళ మాదిరి!"

మేడమ్ నవ్వింది. నేనూ నవ్వాను. సంచీ తెరవలేదు.

మర్నాడు బాగేపల్లి బస్టాండులో అన్న ఎదురుచూస్తున్నాడు. ఇద్దరం అట్నుంచి అటే ఫొటో పనికి మిట్టేమరి పల్లెకు పోవాలి.

"తగిలించి చూసినావా?"

"చూసినా అన్నా."

"వెలిగిందా?"

"వెలిగింది."

చెప్పింది నేను కాబట్టి ఆయన మళ్ళీ పరీక్షించలేదు.

మిట్టేమరిలో ముసలామె చెన్నమ్మ తుంటి విరిగి లోపలి చీకటి గదిలో ఉంది. కొడుకు వెంకటేశప్ప దిండ్లు ఆనించి కూర్చోబెట్టాడు. కోడళ్ళు పంచె ఎత్తి పట్టారు. అన్న నొక్కాడు. వెలగలేదు. ఇంకోసారి నొక్కాడు. ఫ్లాష్ ఊడదీసి గాడిలోకి తొంగి చూశాడు. ఫ్లాషును వెలిగించడానికి మధ్యలో ఉండాల్సిన పిన్ను లేదు. తలెత్తి నన్నొకసారి చూశాడు.

"ఏమప్పా పిళ్ళప్పా, కరెంటు బిల్లు కట్లేదా?" అన్నాడు వెంకటేశప్ప. గుమ్మంలో నిలబడ్డవాళ్ళు పకపక నవ్వారు.

ఇక చేసేది లేక అన్న కెమెరాలోని ఫ్లాషుతోనే తీశాడు. చెన్నమ్మ రెండు చేతులతో కళ్ళు మూసుకుంది.

"అయ్యో, కండ్లు పొడిచినాడే! నాకు పెన్షనూ వద్దు, ఏమీ వద్దు. యాడికన్నా పోండప్పా!"

అన్న కెమెరా కింద పెట్టాడు. "నాదే తప్పు వెంకటేశప్పా. చెయ్యి విరిగినకాడి నుంచి పట్టు కుదర్లేదు. వేరేవాళ్ళను పిలిపించుకో."

తప్పు నాదని చెప్పడానికి రెండు మాటలు చాలు. తరగతిలో గంటసేపు ఆగకుండా మాట్లాడేవాణ్ణి. పంచె మడతపెట్టే నెపంతో తల వంచుకున్నాను.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో అన్న నన్నేమీ అడగలేదు. కిటికీ పక్క సీటు నాకే ఇచ్చాడు. పిళ్ళప్పకు చెయ్యి పోయిందన్న మాట పల్లెల్లో పాకింది. ఆ తరువాత ఆయనను ఒక్క ఇంటివాళ్ళూ పిలవలేదు. రెండు నెలలకు చెన్నమ్మ పోయింది. ఓటరు కార్డు బొమ్మనే పెద్దది చేయించి గోడకు పెట్టారు. అన్న వెళ్ళి దానికి దండం పెట్టి వచ్చాడు.

అన్న పోయిన పదకొండో రోజు దివసం భోజనాలకు వెంకటేశప్ప వచ్చాడు. అరిటాకు ముందు కూర్చుని, "మీ అన్నది మంచి చెయ్యప్పా. చివర్లోనే, పాపం, పట్టు పోయింది," అన్నాడు.

నేను వడ్డిస్తున్నాను.

"అవునప్పా," అన్నాను.