ఓడిపోయిన సాయంత్రం ఏం చేస్తావు?

ఇవాళ మధ్యాహ్నం పిల్లలకు క్లాసు చెబుతుండగా ఇండోర్ కోర్టు రేకుల కప్పు మీద వాన దంచికొట్టింది. అమెరికాలో మేముండే ఈ రెడ్‌మండ్‌లో వాన కొత్తేమీ కాదు, ఏడాదిలో సగం ముసురే. కానీ ఇంత చప్పుడు చేసే వాన అరుదు. రాకెట్‌కు బంతి తగిలే శబ్దం వినిపించకుండా పోయింది. నాకు తెలియకుండానే చెయ్యెత్తి, "ఆపండి, కూర్చోండి" అన్నాను. పిల్లలు నావంక వింతగా చూశారు. కప్పు కింద ఆడుతూ వానకు ఆట ఆపే కోచ్‌ని వాళ్ళెక్కడ చూశారు! నేను ఒకరిని చూశాను. ఆయన పేరు ఆర్విడ్. "దెబ్బ సరిగ్గా పడిందో లేదో చెవికే తెలుస్తుంది. చెవి పనిచెయ్యనప్పుడు నాకు జీతం దండగ" అనేవారు. ఆయన మాట్లాడేది ఇంగ్లీషే అయినా నాకెందుకో ఆ మాటలన్నీ తెలుగులోనే గుర్తున్నాయి. పోయిన చలికాలంలో ఆయన పోయారని స్వీడన్ నుంచి వాళ్ళ చెల్లెలు మెసేజ్ పెట్టింది. అప్పటినుంచి ఏదో ఒక వంకన గుర్తొస్తూనే ఉన్నారు.

నేను ఈ టెన్నిస్ క్లబ్బులో చేరేనాటికి నా వర్క్ పర్మిట్ కొత్తది, నా ఆట పాతది. గుంటూరులో కాలేజీ రోజుల్లో టెన్నిస్ ఆడేదాన్ని. రాష్ట్ర జట్టు సెలక్షన్లలో చివరి మ్యాచ్ ఓడిపోయాను. ఆ తరవాత డిగ్రీ, పెళ్ళి, మా ఆయనతో పాటు విమానం. పట్టుబట్టి ఆడుతూ ఉంటే ఏమయ్యేదాన్నో అన్న ప్రశ్న మాత్రం పంటి కింద రాయిలా ఉండిపోయింది. ఎవర్ని అడగను? మా ఆయనకు టెన్నిస్ అంటే ఫోన్‌లో కనిపించే స్కోరు. అందుకే ఆర్విడ్ దగ్గర అసిస్టెంట్‌గా ఉద్యోగం దొరగ్గానే ఏనుగెక్కినంత సంబరపడ్డాను. పెద్ద పెద్ద టోర్నమెంట్లు ఆడిన మనిషి, నా ఆట చూసి తేల్చి చెబుతాడనుకున్నాను. నెల తిరక్కుండానే అడిగేశాను కూడా. బంతులు ఏరుతున్న మనిషి తలెత్తి, "ఫోర్‌హ్యాండ్ బాగుంది. మిగతాది నాకు తెలీదు" అని మళ్ళీ వంగారు. అన్నీ అలా పుల్లవిరిచినట్టే చెప్పేవారు. నాకు ఒళ్ళు మండింది.

ఆయన కథ నాకు విడతలు విడతలుగా తెలిసింది. స్వీడన్‌లో బాగా ఉత్తరాన, చలికాలం మిట్టమధ్యాహ్నానికే చీకటి పడే ఊరు. దీపాల వెలుగులో ఒకే ఒక్క ఇండోర్ హాలు. పదిహేనేళ్ళకే బడి మాన్పించి శిక్షణకని రాజధానికి పంపారు. మీసాలు సరిగ్గా రాకముందే ప్రొఫెషనల్ అయ్యారు. ఆపైన పదేళ్ళకు పైగా సూట్‌కేసులోనే కాపురం. ర్యాంకు వంద దరిదాపుల దాకా వచ్చింది, వందలోపుకి ఎన్నడూ రాలేదు. ఒక్కసారి మాత్రం పచ్చిక కోర్టు మీద, అప్పటికే కప్పులు గెలిచి ఉన్న ఒక మహా ఆటగాణ్ణి మొదటి రౌండులోనే ఓడించారు. "మరి రెండో రౌండులో?" అని ఆత్రంగా అడిగాను.

"గంటలో ఓడిపోయాను. టెన్నిస్ అంటే అదే సుజాతా. వారానికో టోర్నమెంటు, దానికి ఒక్కడే విజేత. మిగతా అందరం ఓడిపోయి ఇంకో ఊరికి టికెట్ కొనుక్కుంటాం. వారం వారం ఓడిపోవడమే నా ఉద్యోగం."

తుంటి అరిగి ఆట ఆగిపోయింది. అమెరికన్ అమ్మాయిని పెళ్ళి చేసుకుని ఇక్కడికొచ్చారు. ఆ పెళ్ళీ నిలవలేదు. ఇవన్నీ చెబుతున్నప్పుడు ఆయన గొంతులో ఏడుపూ ఉండేది కాదు, గొప్పా ఉండేది కాదు. అలసట ఉండేది, అంతే.

మన తెలుగు తల్లిదండ్రులు ఆయన్ని "అరవింద్ సార్" చేసేశారు. వాళ్ళలో ప్రసాద్ గారని, మా ఆయన ఆఫీసులోనే పని చేసేవారు. వాళ్ళమ్మాయి నిత్యకు పద్నాలుగేళ్ళు, క్లబ్బులో అందరికన్నా బాగా ఆడేది. ఒకరోజు ఆయన నన్ను పక్కకు పిలిచారు.

"సుజాత గారూ, నిత్యని ఫ్లోరిడాలో అకాడమీకి పంపిద్దామని డిసైడ్ అయ్యాం. స్కూల్ మాన్పించి హోమ్‌స్కూలింగ్ చేయిస్తాం. అరవింద్ సార్ ఒక్క మాట రికమెండ్ చేస్తే అడ్మిషన్ ఈజీ. మీరు కాస్త చెప్పండి."

నాకు దొరకనిది ఈ పిల్లకైనా దొరకాలి కదా అనిపించింది. నేనే దగ్గరుండి తండ్రీకూతుళ్ళను ఆర్విడ్ కూర్చున్న బెంచీ దగ్గరికి తీసుకెళ్ళి విషయం చెప్పాను. ఆయన ప్రసాద్ గారి వైపు చూడనైనా చూడలేదు.

"నిత్యా, ఓడిపోయిన రోజు సాయంత్రం ఏం చేస్తావు?"

"హోమ్‌వర్క్ ఉంటుంది కదా. తరవాత చెల్లీ నేనూ ఏదైనా షో చూస్తాం."

"నిద్ర పడుతుందా?"

"పడుతుంది. ఎందుకు?"

"నాకు పట్టేది కాదు. లేచి వెళ్ళి, హాలు తాళం తీయించుకుని బంతిని గోడకేసి కొడుతూ ఉండేవాణ్ణి." అప్పుడు తండ్రి వైపు తిరిగారు. "అలాంటి పిల్లల్ని ఆపడం ఎవరి తరమూ కాదు. మీ అమ్మాయి అలాంటిది కాదు, అదృష్టవంతురాలు. బడికి పంపండి. ఆట ఎక్కడికీ పోదు."

ప్రసాద్ గారి ముఖం కందగడ్డ అయింది. నావైపు తిరిగి తెలుగులో అందుకున్నారు. "ఏంటండీ ఈయన! తను అచీవ్ చెయ్యలేకపోతే మా పిల్ల కూడా చెయ్యకూడదా? ఇన్ని ఫీజులు కట్టేది ఈ మాట వినడానికా?" నిత్య మాత్రం గట్టిగా ఊపిరి వదిలి బెంచీ మీద వెనక్కి ఆనుకుంది. అంతసేపూ ఆ పిల్ల బిగబట్టుకుని కూర్చుందని అప్పటిదాకా నేను గమనించనే లేదు.

యథార్థవాది లోకవిరోధి అన్నారు. ప్రసాద్ గారు కూతురి చేత క్లాసులు మానిపించారు, ఆయనతోపాటు మరికొందరూ మానిపించారు. క్లబ్బు వాళ్ళు ఆర్విడ్ క్లాసులకు కోత పెట్టారు. "కాస్త మెత్తగా చెబితే మీ సొమ్మేం పోయింది?" అని ఆయన మీద విసుక్కున్నాను. అంత్య నిష్ఠూరం కన్నా ఆది నిష్ఠూరం మేలని మా అమ్మమ్మ అంటూ ఉండేది. అమ్మమ్మకేం, ఆవిడకు ఉద్యోగం పోయే భయం లేదు. ఆ ఎండాకాలం ఆర్విడ్ స్వీడన్‌కు తిరిగి వెళ్ళిపోవడానికి నిశ్చయించుకున్నారు.

ఆఖరి రోజు ఇద్దరం బంతులు ఏరుతున్నాం. ఇక ఉండబట్టలేక, "నిత్యని అడిగారే, అదే నన్నూ అడగండి" అన్నాను. ఆయన నవ్వకుండా అడిగారు. చెప్పాను.

"సెలక్షన్లలో ఓడిపోయి ఇంటికెళ్తే మా అమ్మ వేణ్ణీళ్ళు తోడింది. గోంగూర పచ్చడి వేసుకుని కడుపునిండా అన్నం తిన్నాను. తెల్లారేదాకా ఒళ్ళు తెలియకుండా పడుకున్నాను. నాలో నిజంగా ఆట ఉండుంటే ఏడ్చేదాన్ని కదా? ఆ నిద్ర తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది."

ఆర్విడ్ తుంటి మీద చెయ్యి వేసుకుని మెల్లగా నిటారుగా నిలబడ్డారు. "ఆడుతూనే ఉంటే ఏమయ్యేదానివో ఇప్పుడు చెప్పమంటావా?"

"చెప్పండి."

"నాలా అయ్యేదానివి. చాలా బాగా ఆడి, వారం వారం ఓడి, చివరికి రెడ్‌మండ్‌లో ఎవరి పిల్లలకో బంతులు ఏరుతూ ఉండేదానివి." కోర్టంతా ఒకసారి కలయజూశారు. "ఎటూ ఇక్కడికే వచ్చావు. కాకపోతే నీ తుంటి బాగుంది. ఇన్నేళ్ళూ నిద్ర కూడా పోయావు."

పగలబడి నవ్వాను. నవ్వుతూనే ఏడ్చాను. ఆయన ఓదార్చే మనిషి కాదు. నా ఏడుపు తగ్గేదాకా నా వైపు బంతులు కూడా తనే ఏరారు.

ఆయన క్లాసులు ఇప్పుడు నావి. ఆ అలసట కూడా నాకే అప్పగించి వెళ్ళారేమో, సాయంత్రానికి ఒళ్ళు హూనమైపోతుంది. ఆడుతూ ఉంటే ఏమయ్యేదాన్నో అన్న అనుమానం నాలో పూర్తిగా పోయిందని అబద్ధం చెప్పను. టీవీలో పెద్ద మ్యాచ్ వస్తుంటే ఎక్కడో కలుక్కుమంటుంది. కానీ ఎవరైనా వచ్చి మా పిల్లను పెద్ద ప్లేయర్ని చెయ్యమంటే, నేను ముందు ఆ పిల్లనే ఆర్విడ్ అడిగిన ప్రశ్న అడుగుతాను. విన్న జవాబును బట్టి ఉన్నమాట చెబుతాను. నిన్న అలాగే చెబితే ఒకావిడ, "తెలుగువాళ్ళయ్యుండి మీరే ఇలా డిస్కరేజ్ చేస్తే ఎలాగండీ?" అని పిల్లను రెక్క పట్టుకుని తీసుకెళ్ళిపోయింది. ఆమె ఇక రాదు. బాధేసింది. ఇంటికొచ్చి పప్పు పొయ్యి మీద పెట్టాను, మా ఆయనా నేనూ తిన్నాం. తల దిండుకు ఆనగానే నిద్ర పట్టింది. పొద్దున్న లేచాక సిగ్గు వెయ్యలేదు.