ప్లాస్టరు మీద తేదీ

నా చేతికింద పనిచేసిన కొత్త నర్సులు నన్ను వెనకాల తిట్టుకునేవారని నాకు తెలుసు. వార్డులో అడుగుపెట్టగానే నేను చూసేది రోగి మొహం కాదు, చేతికున్న ప్లాస్టరు. మందులూ సెలైనూ ఎక్కించడానికి నరంలో పెట్టే సన్నని గొట్టాన్ని క్యాన్యులా అంటాం. అది కదలకుండా పైన ప్లాస్టరు వేసి, పెట్టిన తేదీ పెన్నుతో రాస్తాం. మూడు రోజులు దాటితే తీసేసి ఇంకోచోట పెట్టాలన్నది అప్పట్లో మా వార్డు రూలు. తేదీ లేకపోయినా, దిద్దినట్టు కనిపించినా నేను ఇంతెత్తున లేచేదాన్ని. "ఈవిడకి తేదీల పిచ్చి" అనుకునేవారు. పిచ్చే. అది ఎక్కడ అంటుకుందో మాత్రం ఎవరికీ చెప్పలేదు.

ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చిన వేసవి అది. నేను గోదావరి జిల్లా నుంచి అక్కడికి వెళ్లి నాలుగేళ్లయింది. మా వార్డు సిబ్బందిలో సగంమంది సెలవుల మీద సొంత దేశాలకు వెళ్లి ఉన్నారు. మిగిలినవాళ్లలో చాలామంది దొరికిన కారెక్కి వెళ్లిపోయారు. ఊడ్చేవాళ్లు లేరు. కుళాయిలో నీళ్లు ఒక పూట వస్తే ఇంకో పూట రావు. మా హాస్టలు హాస్పిటల్ ఆవరణలోనే కాబట్టి మేం కొద్దిమంది నర్సులం మిగిలాం. ధైర్యంగా నిలబడ్డామని తర్వాత చాలామంది మెచ్చుకున్నారు. ధైర్యమూ లేదు, పాడూ లేదు. ఎటు వెళ్లాలో తెలియక ఉండిపోయాం, అంతే.

ఆగస్టు నెలాఖరున ఇద్దరు తెలుగువాళ్లు ఒకామెను సూపర్ మార్కెట్ ట్రాలీలో కూర్చోబెట్టి తోసుకుంటూ తీసుకొచ్చారు. కడప జిల్లా మనిషి, ముప్పై అయిదేళ్లుంటాయి. సాల్మియా ప్రాంతంలో ఒక ఇంట్లో పనిచేసేది. ఆ ఇంటి యజమానురాలు పిల్లల్ని తీసుకుని సరిహద్దు దాటిపోతూ, రెండు రోజుల్లో వచ్చేస్తామని చెప్పి తాళాలు ఈమె చేతిలో పెట్టింది. ఈమె ఆ మాట నమ్మి ఇల్లు కాపలా కాసింది. కిటికీ అద్దం పగిలి పెంకు అరికాల్లో దిగితే, ఇల్లు వదిలి రాకూడదని పది రోజులు పసుపు అద్దుకుని కూర్చుంది. కాలు పిక్కదాకా వాచి, ఒళ్లు తెలియని జ్వరం వచ్చాక పక్క బిల్డింగువాళ్లు చూసి బలవంతాన తెచ్చారు.

"మామా వచ్చి ఇల్లు ఎవరికి ఇడిసిపెట్టి పోయినావంటే నేనేం చెప్పాల?" అంది, నేను జ్వరం చూస్తుండగానే. మామా అంటే ఆ యజమానురాలు. తాళాల గుత్తి నల్లదారానికి కట్టి మెళ్లో వేసుకుంది.

"ముందు నువ్వు బతికుంటే గదమ్మా చెప్పడానికి" అన్నాను చిరాగ్గా.

ఆమె కళ్లు పెద్దవి చేసుకుని నన్ను చూసింది. "నువ్వు మన తెలుగామెవా అక్కా? ఇంగ బతికినాను పో."

నాకంటే ఏడెనిమిదేళ్లు పెద్దది, అయినా అక్కా అనే పిలిచేది. ఆ పిలుపుకే నేను కరిగిపోయాను. నాలుగు వారాలుగా తెలుగు మాట చెవిన పడలేదు మరి.

మా వార్డంతటికీ ఒక్కడే డాక్టరు, ఉత్తరాది మనిషి, రోజుకి నాలుగు గంటలు కూడా నిద్రపోయేవాడు కాదు. ఆయన గాయం కడిగి, రోజుకి మూడుసార్లు నరంలోకి మందు ఎక్కించమని రాశాడు. అప్పుడు మొదలైంది అసలు గోల. ఆమెకి నరాలు దొరకవు. దొరికినా జారిపోతాయి. క్యాన్యులా పెట్టడానికి అయిదుసార్లు గుచ్చాను. సూది చూస్తేనే ఆమె చిన్నపిల్లలా దుప్పటి నోట్లో కుక్కుకుని ఏడ్చేది. కాల్లో గాజు పెంకుతో పది రోజులు ఉన్న మనిషికి సూదంటే అంత భయమేమిటో నాకు అర్థం కాలేదు.

మూడో రోజుకి జ్వరం దిగింది. కాలి వాపు తగ్గింది. మందు బాగా పనిచేస్తోంది. ట్రాలీలో తెచ్చిన ఇద్దరిలో ఒకతను వచ్చి, బాగ్దాద్ మీదుగా అమ్మాన్ వెళ్లే బస్సు జాబితాలో తన పేరుతోపాటు ఆమె పేరూ రాయించానని చెప్పాడు. బస్సుకి ఇంకా తొమ్మిది రోజులుంది. మామాకి చెప్పకుండా ఎట్లా పోయేదని ఒక పూట గొణిగి, ఆ తర్వాత ఆమె ప్రాణమంతా ఆ బస్సు మీదే పెట్టుకుంది. "కాలు ఆనించి నాలుగడుగులు ఏస్తే చాలక్కా. బస్సెక్కినానంటే ఇంగ ఎట్లైనా ఇల్లు చేరుకుంటా" అనేది.

క్యాన్యులా మార్చాల్సిన రోజు వచ్చింది. నేను ట్రే పట్టుకుని వెళ్లగానే ఆమె చెయ్యి వెనక దాచుకుంది. "వద్దక్కా, నీకు దండం పెడతా. ఇది బాగానే ఉండాది గదా, మందు పోతాంది గదా."

చూశాను. ఎరుపు లేదు, వాపు లేదు. పాత ప్లాస్టరు ఊడదీసి, చుట్టూ స్పిరిట్‌తో తుడిచి, కొత్త ప్లాస్టరు వేసి, దాని మీద ఆ రోజు తేదీ రాశాను. గొట్టం పాతది, తేదీ కొత్తది.

"ఖలాస్, అయిపోయింది" అన్నాను. ఆమె నా చెయ్యి తీసుకుని కళ్లకద్దుకుంది. నాకు ఎంత గర్వంగా అనిపించిందో చెప్పడానికి ఇప్పుడు సిగ్గేస్తోంది.

స్టాకు తక్కువగా ఉంది కాబట్టి అలా చేశానని చాలా ఏళ్లు నాకు నేనే చెప్పుకున్నాను. అది నిజం కాదు. ఆ రోజు ట్రేలో మూడు కొత్త క్యాన్యులాలున్నాయి. పక్క మంచం మీది ఈజిప్టు ముసలావిడ కూడా ఏడ్చింది, బతిమాలింది. ఆవిడకి మాత్రం మూడో రోజు నాటికి ఠంచనుగా మార్చేశాను. ఆవిడ నన్ను అక్కా అనలేదు, అంతే తేడా. మనమ్మాయి కదా అన్న జాలితో, రోగులందరికీ ఉన్న రూలు నా తెలుగు మనిషికి లేకుండా చేశాను.

అయిదో రోజు ఆమె ఇంటికి ఉత్తరం రాయమంది. పోస్టు ఆగిపోయింది, బస్సులో వెళ్లేవాళ్ల చేతికిచ్చి పంపేవాళ్లం. ఏ కారణం చేతనైనా తనకి బస్సు తప్పితే ఉత్తరమన్నా చేరుతుందని ఆమె ఆలోచన. చెల్లెలికి రాయించింది. కాలు మానుతోందనీ, వచ్చేస్తున్నాననీ, తన మేకను అమ్మొద్దనీ చెప్పింది. "ఈడ మన నర్సక్క ఉండాది, సూది నొప్పి తెలీకుండా నన్ను సూసుకుంటాంది అని రాయి" అంది. నా గురించి నేనే ఎలా రాస్తానని నవ్వాను. రాసిందాకా ఊరుకోలేదు. నా చేతి రాతతోనే రాశాను. కింద మా హాస్టలు చిరునామా కూడా వేయించింది.

ఆరో రోజు మళ్లీ కొత్త ప్లాస్టరు, మళ్లీ కొత్త తేదీ. ఈసారి ఆమె బతిమాలనే లేదు. చెయ్యి చాచి నవ్వుతూ కూర్చుంది.

ఎనిమిదో రోజు పొద్దున డ్యూటీకి వెళ్లేసరికి మంచం గడగడా చప్పుడు చేస్తోంది. చలిజ్వరం. ప్లాస్టరు విప్పాను. గొట్టం దూరిన చోట చుట్టూ ఎర్రబడి ఉంది, నొక్కితే చీము బొట్టు వచ్చింది. గబగబా దాన్ని లాగి చెత్తబుట్టలో పడేసి, రెండో చేతికి కొత్తది పెట్టాను. గుచ్చితే ఆమె అబ్బా అని కూడా అనలేదు. ఆ స్పృహ లేదు. ఆ తీసేసిన గొట్టాన్ని పారేయకుండా ల్యాబుకి పంపాలని ట్రైనింగులో మొదటి ఏడాదే చెబుతారు.

డాక్టరు వచ్చాడు. రక్తం పరీక్షకి పంపాడు. "క్యాన్యులా ఎప్పటిది?" అని అడిగాడు.

"ఈ రోజుదే డాక్టర్."

అది అబద్ధం కాదు. అందుకే అంత తేలిగ్గా నోట్లోంచి వచ్చింది. చేతుల సంగతి ఆయన వదిలేశాడు. పాత గొట్టం తీసేసిన చెయ్యి నేను దుప్పటి కింద పెట్టాను. ఇంకేముంది, ఆయన దృష్టి కాలి మీదికి పోయింది. లోపల చీము మిగిలిపోయి ఉంటుందని, మానుతున్న గాయాన్ని మళ్లీ కోశాడు. మత్తుమందు చూసి చూసి వాడాల్సిన రోజులు, తిమ్మిరి మందు సరిగా ఎక్కలేదు. ఆమె అరుస్తుంటే భుజాలు పట్టుకుని నొక్కిపెట్టింది నేనే. లోపల చీము లేదు. ఉండదని నాకు తెలుసు. రెండు సూదిపోట్లు తప్పించి ఆమెకి నేను చేసిన మేలు అది.

ఉన్నవాటిలో పెద్ద మందు మొదలుపెట్టారు. జ్వరం దిగలేదు. ఆమె నన్ను గుర్తుపట్టడం మానేసింది. "మామా, ఇల్లు బాగుండాది, నువ్వే సూసుకో" అంటూ మెళ్లో తాళాలు నా చేతికి అందించేది.

రక్తం పంపిన మూడో రోజు ల్యాబ్ పెద్దాయన ఫలితం చెప్పడానికి మెట్లెక్కి వచ్చాడు. పాలస్తీనా మనిషి, జుట్టంతా తెల్లబడింది, ఫోన్లు పనిచేయక ఏ కబురైనా తనే మోసుకొచ్చేవాడు. చేతిలో చిన్న గాజు పళ్లెం ఉంది. అందులో ఆమె రక్తంలోంచి వచ్చిన సూక్ష్మజీవిని పెంచి, మధ్య మధ్యన మందులు అద్దిన కాగితం బిళ్లలు పెట్టాడు. మందు పనిచేస్తే బిళ్ల చుట్టూ ఖాళీ ఏర్పడాలి. ఒక్కదాని చుట్టూ తప్ప ఎక్కడా ఖాళీ లేదు. మేం ఎక్కిస్తున్న మందు బిళ్లను ఆనుకునే అది హాయిగా పెరిగింది.

"ఇది ఆమె ఇంటి నుంచి తెచ్చుకున్నది కాదు సిస్టర్. మన హాస్పిటల్లో పుట్టి పెరిగినది. మన మందులన్నీ తిని మొండిదైపోయింది. ఎక్కడో మనమే దారి ఇచ్చాం" అన్నాడు మెల్లగా.

నన్నే చూస్తూ అన్నాడని అప్పుడనిపించింది. ఆయనకేం తెలుసు, పాపం. అప్పుడైనా నోరు విప్పాల్సింది. డాక్టరు అప్పటికే మెట్లు దిగుతున్నాడు, ఆ పనిచేసే ఒక్క మందు కోసం. మా స్టోరులో లేదు. చెక్‌పోస్టులు దాటి ఇంకో హాస్పిటల్‌కి వెళ్లి ఆరు సీసాలు బతిమాలి తెచ్చాడు. రోజున్నరకి సరిపోయాయి. చలిజ్వరం వచ్చిన రోజే నేను నిజం చెప్పి, ఆ గొట్టం ల్యాబుకి పంపి ఉంటే, కాలి గాయం కోయడంలో ఒక రోజంతా పోయేది కాదు. ఆ ఒక్క రోజుతో ఆమె బతికేదో లేదో నాకు తెలియదు. ఆ తెలియకపోవడంతోనే ఇన్నేళ్లూ బతికాను.

చెప్పిన రోజుకి బస్సు వెళ్లింది. ఉత్తరం అందులో వెళ్లింది. మర్నాడు మధ్యాహ్నం ఆమె పోయింది. డాక్టరు కుర్చీలో కూలబడి, "ఆలస్యంగా వచ్చింది. ఆ పది రోజులూ కాలిని అశ్రద్ధ చేసి ఉండకపోతే..." అన్నాడు. చనిపోయినట్టు రాసిచ్చే కాగితంలో కూడా అదే రాశాడు, కాలి పుండు, ఆలస్యంగా చేరిక అని. నేను పక్కన నిలబడి చూశాను. ప్లాస్టరు మీద తప్పుడు తేదీ రాసిన పెన్నే ఆయన అడిగితే ఇచ్చాను.

తర్వాత నేనూ ఆ బస్సు దారినే ఇంటికి వెళ్లాను. యుద్ధం ముగిశాక మళ్లీ ఆ ఉద్యోగానికే వచ్చాను. మరుసటేడు హాస్టలు చిరునామాకి కడప నుంచి ఒక ఉత్తరం వచ్చింది. చెల్లెలు ఎవరిచేతనో రాయించింది.

"అక్కా, మా అక్క రాయించిన జాబు మాకు చేరినాది. మా అక్క చనిపోయిన సంగతి ముందే తెలిసి, జాబు తర్వాత వచ్చినాది. కాలిని అశ్రద్ధ చేసుకోని పానం మీదికి తెచ్చుకునిందని కాగితంలో ఉండాదంట. మా అక్కది మొదట్నుంచీ మొండితనమే. తప్పు ఆమెదే, ఎవురిని ఏమనుకుంటాం. నువ్వు మాత్రం కడదాకా సూది నొప్పి తెలీకుండా సూసుకున్యావు. నీ రుణం తీర్చుకోలేం. మేకను అమ్మలేదు."

ఆ చెల్లెలికి జవాబు రాయాలని ఎన్నిసార్లు కూర్చున్నానో. తప్పు మీ అక్కది కాదమ్మా అన్న ఒక్క ముక్క రాస్తే చాలు. కాగితం తీస్తాను. పైన కుడివైపు తేదీ వేస్తాను. అక్కడితో చెయ్యి ఆగిపోతుంది.