చీరముక్కలు కట్టిన జొన్నకంకులు

మొన్న నారాయణగూడలో చాయ్ తాగుతుంటే మా అక్క కూతురు, "చిన్నమ్మా, పీహెచ్‌డీల చేరాల్నా, వద్దా? గైడు సారు మంచోడే. కానీ గ్రాంటు ఎటు వస్తే టాపిక్ అటు మారుతదట," అంది. నేను ముంచిన బిస్కెట్ విరిగి చాయ్‌లో మునిగిపోయింది. నాకు మా సారు మిద్దె గుర్తొచ్చింది.

దాని వయసులో నేను అశోక్‌నగర్ హాస్టల్‌లో ఉండేదాన్ని. గదిలో మిగతా అందరూ గ్రూప్స్ ఉద్యోగాలకు చదివేవాళ్లు. వాళ్ల దృష్టిలో నేను బాగుపడే రకం కాదు. నాకేమో చిక్కడపల్లిలో మా కాలేజీ సారు మిద్దె మీద పెంచే జొన్నలంటే పిచ్చి. మా పాలమూరు పాత జొన్న నీళ్లు లేకుండా ఎన్నాళ్లు ఓర్చుకుంటుందో చూడాలని, కాలేజీలో జాగా దొరక్క, ఆయన ఇంటి మిద్దె నిండా టబ్బులు పెట్టారు. మెట్లెక్కుతుంటేనే ఆకుల గలగల వినిపించేది. కంకులను పిట్టలు తినకుండా వాళ్లావిడ పాత చీరలు చింపి ముక్కలు కట్టేవారు. "పాతవన్ని అయిపోయినయి బిడ్డా, ఇగ నేను కట్టుకున్నదాని మీద పడ్డది సారు కన్ను," అని అమ్మగారు నవ్వేవారు. మా కొంగు ఆ మొక్కలకు తగిలినా సారు కసురుకునేవారు. అలాంటి మనిషి దగ్గరే పరిశోధన చేయాలని నా పట్టుదల.

ఆ మాటే చెబుదామని ఒక ఆదివారం పొద్దున వెళ్లాను. మిద్దె ఎక్కి చూద్దును కదా, సారు ఒక్కో కంకికి కట్టిన చీరముక్క విప్పి, మడిచి పక్కన పెట్టి, మొక్కను వేళ్లతో సహా పీకేస్తున్నారు.

"సార్! ఏంది సార్ ఇది? ఇంకా గింజ పాలు కూడ పోసుకోలే!"

"కొత్త గ్రాంటు వచ్చింది, మిద్దె కూరగాయల మీద. రేపు కమిటీ వస్తది, టబ్బులల్ల నారు కనబడాలె." ఆయన నా వైపు చూడలేదు. "జొన్నకు ఎవ్వరు ఇస్తలేరమ్మా. నా కింద ఇద్దరు పిల్లలున్నరు, వాళ్ల ఫెలోషిప్ ఆగిపోయింది. వాళ్లను పీకెయ్యమంటవా?" ఇంకో ముక్క మడిచి పెట్టి, "నువ్వు గూడ రా. సీటు ఖాయం," అన్నారు.

ఆయన చెడ్డవాడైతే కోపంతో దిగి వచ్చేసేదాన్ని. కాదు కాబట్టే దిగలేకపోయాను. ఆయన పక్కన కూర్చుని నేనూ ఒక ముక్క విప్పాను. లోపల కంకి పచ్చగా, లేతగా ఉంది. విప్పగలిగాను గానీ పీకలేకపోయాను.

నేను చేరలేదు. జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ గడిపేశాను. ఆ ఇద్దరూ కూరగాయల మీదే డాక్టరేట్లు తెచ్చుకున్నారు, సంతోషమే. నాది తెలివో పిరికితనమో ఇప్పటికీ తేల్చుకోలేను.

"చేరమంటవా మరి?" అని, ఇదంతా విన్న మా పిల్ల మళ్లీ అడిగింది.

"చేరు. కానీ సగంల పీకాల్సొస్తే పీకేది నీ చేతులే. అది తెలుసుకొని చేరు," అన్నాను.

ఆ జొన్న నీళ్లు లేకుండా ఎన్నాళ్లు ఓర్చుకునేదో ఈ రోజుకూ ఎవరికీ తెలియదు. ఇంకొంచెం కాలం ఉండనిస్తే అదే చెప్పేది.