గుండె ముందరి ఆకు

ఖమ్మంలో డాక్టర్‌ను కలిసి భద్రాచలం బస్సెక్కాం, నేనూ చిన్నమ్మా. మా అమ్మ చెల్లెలామె. అడవి అంచు పల్లెలో బీడీలు చుట్టే తునికాకు కోస్తుంది. మధ్యాహ్నానికి ఆమె రెప్పలు వాలిపోతాయి, నాలుగు ముద్దలకే దవడ అలసిపోతుంది. పొద్దున మాత్రం బాగానే ఉంటుంది. ఆకు కోసేది తెల్లవారుజామున, కట్టలు కట్టేది మధ్యాహ్నం. అందుకని కట్టే వేళకు నటిస్తుందన్నారు ఊళ్లోవాళ్లు. ఆ మాటన్న ఒకావిడతో గొడవపడ్డాను కూడా.

ఈ జబ్బుకు మూలం రొమ్ము ఎముక వెనక, గుండె ముందర ఉండే థైమస్ గ్రంథి అనీ, దాన్ని తీసేయాలనీ అన్నాడు డాక్టర్. ఆలస్యమైతే ఊపిరికే కష్టమన్నాడు. చిన్నమ్మ సరే అనలేదు.

"దానికి ఆ పేరేంది బిడ్డా?" బస్సు కదిలాక అడిగింది.

హైదరాబాద్‌లో పెరిగిన నాకు దేనికైనా ఫోనే దిక్కు. కనపడింది కనపడ్డట్టు చదివేశాను: గ్రీకులో ప్రాణం, ధైర్యం, కోపం అన్నింటికీ వాడే మాట నుంచి వచ్చిందంటారు కొందరు.

"పానం పేరు పెట్టి, దాన్నే కోస్తమంటున్రా? నేను రాను."

"ఏంది చిన్నమ్మా! పేరు చూసి ఆపరేషన్ వద్దంటవా?"

బస్సంతా తిరిగి చూసింది.

"అరవకు. నీకు ఆ కోపం గ్రంథులు రెండున్నట్టున్నయి."

నవ్వు రాలేదు. దవాఖానా లైన్లలో నిలబడి కోపానికి కూడా ఓపిక మిగల్లేదు. ఇంకా కిందికి చదివాను. ఓమలా ఘాటైన వాసనొచ్చే థైమ్ అనే మొక్క ఉందట. గ్రంథి దాని ఆకులా ఉంటుందని ఆ పేరు పెట్టారని ఇంకొందరి మాట. ఫొటో చూపించాను. వేలితో రెప్ప ఎత్తిపట్టుకుని చూసింది.

"గింత ఆకా? గిది కోసి కట్ట కట్టాల్నంటే యేడాది పడ్తది."

"చిన్నపిల్లలకు పెద్దగుంటదంట. వయసైతుంటే ఎండిపోతదంట. నీ వయసుల దాంతోటి అంత పనుండదు."

కిటికీలోంచి బయటి పొదల కేసి చెయ్యి చూపించింది.

"ఎండలు ముదరకముందే తునికి పొదలు కొట్టేస్తం. కొట్టకుంటే ముదురాకే. కొట్టినంక లేతాకు లేస్తది." ఆగి, ఊపిరి తీసుకుంది. "నేను లేస్తనా?"

"చానామందికి మంచిగైతదన్నడు డాక్టర్. జల్దీ కాదు, మెల్లగ. నీకెట్లైతదో నాకు తెల్వదు చిన్నమ్మా."

"తప్పక అయితదని అబద్ధం చెప్తే ఈడ్నే దిగిపోయేదాన్ని."

ఇల్లందు బస్టాండులో బస్సు ఆగింది.

"డాక్టర్‌కు ఫోన్ చెయ్ బిడ్డా. అడవిలకు పోతే సిగ్నలుండదు."

అవతల మోగుతుండగానే, రోజూ మధ్యాహ్నంలాగే ఆమె రెప్పలు మూతపడ్డాయి. తల నా భుజం మీద బరువుగా వాలింది. ఎవరో ఎత్తారు.

"ఆపరేషన్‌కు తేదీ ఇయ్యండి," అన్నాను.