నారి తీసే లాలాబీ

ఉగాది దాటి ఎండలు ముదిరాయంటే గవిదిన్నెలో లాలాబీ అరుగు ఖాళీగా ఉండేది కాదు. కర్ర పొడుచుకుంటూ ఒకరు, కొడుకు భుజం పట్టుకుని ఒకరు, అడుగు వేయలేక చేతుల మీద జరుగుతూ ఒకరు పొద్దున్నే వచ్చి గోడకు ఆనుకుని కూర్చునేవారు. అందరిదీ ఒకటే జబ్బు, నారికురుపు. మోకాలి కిందో పాదం మీదో నిప్పు పెట్టినట్టు మండి బొబ్బ లేస్తుంది. బొబ్బ చితికితే లోపల తెల్లటి దారం కొసలాంటిది కనిపిస్తుంది. అది దారం కాదు, పురుగు. చర్మం కింద మెలికలు తిరిగి మూరెడు, ఒక్కోసారి రెండు మూరలు ఉంటుంది. దాన్ని తెగకుండా బయటికి తీయడం లాలాబీ పని.

ఆమె భర్త గఫూర్ సాబ్ దూది ఏకి పరుపులు కుట్టేవాడు. అతని దగ్గర చిటికెడు దూది తీసుకుని, చీపురుపుల్ల ముక్కకు చుట్టి, పురుగు తలను ఆ దూదికి అంటించి నిదానంగా పుల్లను తిప్పేది. వేలెడు వస్తే ఆ రోజుకు చాలు. లోపల పట్టు బిగిసిందని వేళ్ళకు తెలియగానే ఆపేసి, పుల్లను అలాగే కాలికి గుడ్డతో కట్టి, రేపు రమ్మని పంపేది. తొందరపడి లాగితే పురుగు తెగుతుంది. తెగితే లోపలి ముక్క కుళ్ళి కాలు తొడదాకా వాస్తుంది. అలా కీలు బిగుసుకుపోయి జన్మంతా కుంటేవాళ్ళు ఆ పక్క ఊళ్ళలో ఎందరో ఉన్నారు. లాలాబీ చేతిలో మాత్రం పురుగు తెగడం ఎవరూ ఎరగరు.

ఈ పని ఆమెకు అత్త జహీరా బీ నేర్పింది. లాలాబీ పుట్టిల్లు ఎమ్మిగనూరు. అక్కడున్నన్నాళ్ళూ నారికురుపు పేరు కూడా వినలేదు. గవిదిన్నె కోడలై వచ్చిన రెండో ఎండాకాలం చీలమండ మండడం మొదలైంది. అత్త తన ఒళ్ళో కోడలి కాలు పెట్టుకుని రోజూ పుల్ల తిప్పింది. పురుగుతో పంతానికి పోకూడదని, అది వస్తానన్నప్పుడే రమ్మనాలని చెప్పింది. మంట తట్టుకోలేనప్పుడు బావి మెట్ల మీద కూర్చుని కాలు నీళ్ళలో పెట్టుకోమంది. చల్లదనానికి పురుగు మెత్తబడి బయటికి వస్తుందట. నిజంగానే నీళ్ళలో కాలు పెట్టగానే పుండులోంచి పాలలాంటిది చిమ్మి, ప్రాణం హాయిగా ఉండేది. అత్త పోయాక అరుగూ, పుల్లా, ఆ మాటలూ లాలాబీకి వచ్చాయి. తన దగ్గరికి వచ్చినవాళ్ళకు ఆమె కూడా అవే చెప్పేది.

ఆ బావి ఊరికి ప్రాణం. నల్లరేగడి నేలలో ఎక్కడ తవ్వినా ఉప్పునీళ్ళే పడే ఊళ్ళో అదొక్కటే తీపి నీళ్ళ బావి. పెద్దరైతు బసవన్న వాళ్ళ తాత తవ్వించాడు. నాలుగు వైపులా నీళ్ళదాకా రాతి మెట్లు. ఆడవాళ్ళు మోకాలి లోతు దిగి బిందెలు ముంచుకునేవారు.

ఈ జబ్బులోని దుర్మార్గం ఏమిటంటే, సరిగ్గా విత్తనాల వేళకే మంచాన పడేస్తుంది. తొలకరి పడి, అందరూ గొర్రు కట్టాల్సిన రోజుల్లో ఇంటికొకరు కాలు చాపుకుని పడి ఉండేవారు. కూలికి పోయే లింగమ్మ ఇంట్లో ఒక ఏడాది మొగుడికీ పెళ్ళానికీ ఒకేసారి వచ్చింది. ఆ ఏడు వాళ్ళు ఇరుగుపొరుగు పెట్టిన సంకటితో బతికారు.

ఎనభై నాలుగో సంవత్సరం ఎండాకాలంలో ప్రభుదాసు వచ్చాడు. ఊరికి అతను కొత్తవాడు కాదు. అంతకుముందు దోమల మందు కొట్టించి, గోడల మీద తేదీలు రాసి పోయేవాడు కాబట్టి మలేరియా సారు అనేవారు. మద్దికెర పక్క కూలివాళ్ళ బిడ్డ. చదువుకుని ఆరోగ్యశాఖలో చేరాడు. ఈసారి సైకిలు దిగి చావడి దగ్గర జనాన్ని పోగేసి, నారికురుపు ఊరి బావిలోంచే వస్తోందని చెప్పాడు. పుండున్న కాలు నీళ్ళలో పెడితే పురుగు పిల్లల్ని వదులుతుందని, వాటిని నీళ్ళలోని నలుసంత పురుగులు మింగుతాయని, ఆ నీళ్ళు తాగినవాళ్ళకు ఏడాది తర్వాత అదే పురుగు కాళ్ళలోంచి బయటపడుతుందని చెప్పాడు. జనం నవ్వారు. పొద్దున తాగిన నీళ్ళు సాయంత్రానికి పోతాయి, ఏడాది ఎక్కడ దాక్కుంటాయని ఒకరు అడిగారు. బసవన్న మాత్రం నవ్వలేదు. తాత బావిని తప్పుపట్టినందుకు లేచి వెళ్ళిపోయాడు.

మర్నాడు ప్రభుదాసు లాలాబీ అరుగు దగ్గరికి వచ్చాడు. మందలించడానికి వచ్చాడేమోనని ఆమె తల ఎత్తలేదు. అతను చెప్పులు విడిచి, కుంటుతూ వచ్చిన ముసలివాళ్ళ పక్కనే కూర్చుని చాలాసేపు ఆమె చేతుల్నే చూశాడు. తన తాతకు ఎవరో మొరటుగా లాగి పురుగు తెంపారని, ఆయన ఆ కాలు ఈడ్చుకుంటూనే పోయాడని చెప్పాడు. తర్వాత సంచిలోంచి సబ్బూ, శుభ్రమైన గుడ్డ పట్టీలూ తీసి ఆమె ముందు పెట్టాడు.

"నువ్వు చేసేది మానుకోమని చెప్పనీకె రాలేదక్కా. ప్రతి కాలుకూ ముందూ వెనకా చేతులు కడుక్కో, అంతే. ఇంకొకటి అడగనీకె వచ్చినా. నాతో ఒకరోజు ఆస్పత్రికి వస్తావా? నేను చెప్పింది నీ కంటితో చూద్దువు."

గఫూర్ సాబ్ కూడా వెంట వస్తాననడంతో ఆమె ఒప్పుకుంది. ఆ ఉదయం ఒక ముసలాయన పుండు మీద చల్లనీళ్ళు పోసి, చిమ్మిన పాలను ఒక చిన్న సీసాలో పట్టారు. ముగ్గురూ పెద్దకడుబూరు ఆస్పత్రికి వెళ్ళారు. అక్కడ మైక్రోస్కోపు కింద ఆ నీటి చుక్క పెట్టి, ఒక కన్ను మూసి చూడమన్నాడు ప్రభుదాసు. మొదట ఆమెకు తన రెప్ప వెంట్రుకలే కనిపించాయి. తర్వాత వెలుతురు నిలకడగా నిలిచింది. ఆ వెలుతురులో సన్నటి పోగులు కుప్పలు కుప్పలుగా మెలికలు తిరుగుతున్నాయి. ఒక చుక్కలో లెక్కలేనన్ని.

లాలాబీ కంటిని తీసి చీర కొంగుతో తుడుచుకుని మళ్ళీ చూసింది. అవి అలాగే కదులుతున్నాయి.

తిరుగు దారంతా ఆమె కళ్ళ ముందు ఆ చుక్కే ఉంది. పాలు అనుకున్నది పాలు కాదు. కాలు నీళ్ళలో పెట్టుకోమని తను పంపిన ప్రతి మనిషీ ఆ పిల్లల్ని బావిలో వదిలి వచ్చాడు. ఆ నీళ్ళే తనూ తెచ్చి బిడ్డలకు తాపింది. ఎమ్మిగనూరులో ఈ జబ్బు ఎందుకు లేదో ఇప్పుడు అర్థమైంది. అక్కడ నీళ్ళు చేదుకునేవారే తప్ప ఎవరూ నీళ్ళలోకి దిగేవారు కాదు. ఊరి పొలిమేర దగ్గర గఫూర్ సాబ్‌తో ఒక మాట అంది.

"అత్తకు తెలిసుంటే అట్ల సెప్పేది కాదు. నాకిప్పుడు తెలిసింది కదా, ఇంక నేను ఊరుకుంటే అది నా పాపమే."

ఆ మరుసటి రోజు నుంచి లాలాబీ అరుగుకు కొత్త కట్టడి వచ్చింది. కాలు మండితే బావికి పోకూడదు. ఆమె వాకిట్లోనే ఒక తొట్టి పెట్టింది. కాలు దానిలో పెట్టుకోవచ్చు. ఆ నీళ్ళను తనే మోసుకెళ్ళి బావికి దూరంగా ఎండిన గడ్డ మీద పారబోసేది. కురుపున్నవాళ్ళ ఇళ్ళకు తనే నీళ్ళు తెచ్చి పోసేది. కట్టడి దాటి బావిలో దిగినవాళ్ళ కాలు ముట్టనని తేల్చి చెప్పింది. మిగతా పని ప్రభుదాసు చూసుకున్నాడు. బావిలో మందు కలిపేవాడు, ఇల్లిల్లూ తిరిగి నీళ్ళు వడగట్టుకోమనేవాడు. పాత చీర మడతలో ఆ నలుసు పురుగులు ఆగవని తెలిసి లాలాబీ ఎమ్మిగనూరు వెళ్ళి, తమ వీధి నేతగాళ్ళ దగ్గర చిక్కటి నేత గుడ్డ ఏరి తెచ్చింది. బిందె మూతికి దాన్ని ఎలా కట్టాలో ఆడవాళ్ళకు చూపించింది. విసుక్కుంటూనే కట్టుకున్నారు. ఆమె చేతి మీద ఉన్న నమ్మకం అలాంటిది.

చిక్కల్లా బసవన్నతో వచ్చింది. ఆ ఎండల్లోనే ఆయన పిక్క మీద బొబ్బ లేచింది. ఒక మధ్యాహ్నం మంట తాళలేక బావికి వచ్చాడు. లాలాబీ అప్పుడే బిందె నింపుకుని పైకి వస్తోంది. ఆయన కాలు చూసి బిందె పక్కన పెట్టి, మెట్టుకు అడ్డంగా నిలబడింది.

"పక్కకు జరుగు లాలమ్మా," అన్నాడు బసవన్న. "మా తాత తవ్విచ్చిన బావి ఇది. నన్ను దిగొద్దనేదానికి నువ్వెవరు?"

"మీ తాత పున్నెం వల్లనే ఊరు నీళ్ళు తాగుతాండాది రెడ్డీ. అందుకే అడ్డం నిలబడినా. ఆ కాలుతో మీరు దిగితే వచ్చే ఏడు ఎన్ని కాళ్ళు పోతాయో నేను కంటితో చూసొచ్చినా. ఇంటికి పదండి, ఈ బిందె నేనే తెచ్చి మీ కాలు మీద పోస్తా."

పైన నీళ్ళకు వచ్చిన ఆడవాళ్ళు అలాగే నిలబడిపోయారు. బసవన్న ఆమెను దాటి దిగలేదు. అలాగని ఆమె మాట కూడా వినలేదు. వెనక్కి తిరిగి వెళ్ళి, కోపం మీద తన ఇంట్లోనే జీతగాడి చేత పురుగును లాగించుకున్నాడు. అది తెగింది.

నాలుగైదు రోజులకే కాలు తొడదాకా ఉబ్బి జ్వరం ముంచుకొచ్చింది. బసవన్న భార్య ఏడుస్తూ వచ్చి లాలాబీని పిలిచింది. బావి దగ్గరి మాట ఎత్తకుండా లాలాబీ వెంటనే వెళ్ళింది. కాలు చూడగానే ఇది తన పుల్లకు అందే పని కాదని తెలిసింది. అదే మాట ఇంటివాళ్ళకు చెప్పి, ప్రభుదాసుకు కబురు పెట్టించి, బండి కట్టించింది. ఆదోని ఆస్పత్రిదాకా బండిలో బసవన్న కాలు తన ఒళ్ళోనే పెట్టుకుని, కుదుపు తగలకుండా పట్టుకుని కూర్చుంది. దారిలో ఆయన కళ్ళు తెరిచినప్పుడల్లా ఆమె ముఖమే కనిపించింది. డాక్టరు కోసి చీము తీశాడు. కాలు దక్కింది.

ఊతకర్రతో ఇంటికి వచ్చాక బసవన్న చేసిన మొదటి పని ప్రభుదాసును పిలిపించడం.

"బావికి ఏం చెయ్యల్లనో చెప్పప్పా," అన్నాడు. "మెట్లు పూడ్చల్లంటే పూడ్పిస్తా."

రాతి పని చేసే తిమ్మన్న మనుషులతో వచ్చాడు. నీళ్ళకు దిగే మెట్లన్నిటినీ బండలతో మూసి, చుట్టూ నడుమెత్తు గోడ కట్టి, రాతి స్తంభాల మీద గిలకలు బిగించాడు. మురికినీళ్ళు వెనక్కి బావిలోకి పోకుండా చుట్టూ వాలుగా గచ్చు చేశాడు. తొలిరోజు నీళ్ళు చేదడానికి వచ్చిన లింగమ్మ, దిగి ముంచుకునే సుఖం పోయిందని సణిగింది. కొన్నాళ్ళకు ఆ అలవాటే కుదిరింది.

అసలు పరీక్ష మరుసటి ఎండాకాలం వచ్చింది. బావి మూసినా లాలాబీ అరుగు మీదికి మళ్ళీ జనం వచ్చారు. ఇంత రాయి, ఇంత సున్నం దేనికి పోసినట్టని ఊరు గుసగుసలాడింది. ప్రభుదాసు వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు కాలు చూపించి ఎగతాళి చేసేవారు. ఆ రోజుల్లో ఊరికీ అతనికీ మధ్య నిలబడింది లాలాబీయే. ఇవి మెట్లు మూయకముందు తాగిన నీళ్ళ పురుగులని, ఏడాది పాటు ఒంట్లో ఉన్నవి ఇప్పుడు బయటపడుతున్నాయని, పుల్ల తిప్పుతూ ప్రతి మనిషికీ విసుగు లేకుండా చెప్పింది. లోపల మాత్రం భయపడేది. సారు మాట తప్పయితే ఊరు తనను నమ్మదు. ఆ సంగతి ఒక్క గఫూర్ సాబ్‌కే తెలుసు.

ఆ తర్వాతి ఏడు అరుగు మీదికి ముగ్గురే వచ్చారు. వాళ్ళూ వలస పోయి వేరే ఊళ్ళ నీళ్ళు తాగి వచ్చినవాళ్ళు. ఆ పైయేడు ఎవరూ రాలేదు. ప్రభుదాసు ఇల్లిల్లూ తిరిగి అడిగి, కాళ్ళు చూసి వచ్చి అరుగు మీద కూర్చుని, ఒక్కటీ లేదక్కా అన్నాడు. లాలాబీ లోపలికి వెళ్ళి అతనికి మజ్జిగ తెచ్చింది.

ఎరువు బళ్ళు, గొర్రులు సాగే వేళ ఆమెకు చేతులు ఖాళీ కావడం అదే మొదటిసారి. కొన్నాళ్ళు ఏమీ తోచక పొద్దున్నే లేచి వాకిలి వైపు చూసేది. తెలియకుండానే దూది చిటికెలు తుంచి పెట్టుకునేది. గఫూర్ సాబ్ అవి ఏరుకుని పరుపులో కూరుకుంటూ నవ్వేవాడు.

ప్రభుదాసుకు ఇంకా చాలా ఊళ్ళు మిగిలే ఉన్నాయి. తుగ్గలి పక్క ఒక పల్లెలో దేవక్క అనే ఆమె నారి తీసేది. బావి జోలికి వస్తే చీపురు తిరగేస్తోందని అతను చెప్పాడు. లాలాబీ బస్సెక్కి వెళ్ళింది. మొదటి రోజు దేవక్క అరుగు కూడా ఎక్కనివ్వలేదు. లాలాబీ ఆ ఊళ్ళోనే ఒకరింట ఉండి, మర్నాడు మళ్ళీ వెళ్ళి అరుగు కింద కూర్చుంది. దేవక్క చేతిలో ఒక పడుచుపిల్ల కాలు ఉంది. పురుగు బిగిసింది. దేవక్క పుల్లను ఆపడం చూసి, చేయి చాలా మంచిదని లాలాబీ నోరారా అంది. అప్పుడు దేవక్క మొదటిసారి ఆమె వైపు తిరిగింది. బావి, పురుగు, మైక్రోస్కోపు, లాలాబీ చెప్పినదంతా విన్నది. చివరికి ఒకటే అడిగింది.

"అట్లయితే నా గడపకు ఇంకెవరొస్తారు?"

"ఎవరూ రారక్కా," అంది లాలాబీ. "మొదట్లో మనసు కష్టమైతుంది. నాకూ అయింది. ఇప్పుడు నా అరుగు మీద మిరపకాయలు ఎండబోసుకుంటాండా."

దేవక్క నవ్వు ఆపుకోలేకపోయింది. పడుచుపిల్ల కాలికి కట్టు కట్టి, చేతులు కడుక్కుని లేచింది. ఇద్దరూ కలిసి ఆ ఊరి బావి వైపు నడిచారు.